ఎవరి నోట వదిన

కాస్త దగ్గరికి జరగండి. గోడకు ఆనుకోండి, కాళ్లు బార చాపుకోండి, ఇక్కడ ఎవరూ ఏమనుకోరు. నేను చెప్పబోయేది ఒక్క మాట గురించి. ఆ మాట మీ ఇంట్లోనూ ఉంటుంది, పొద్దున లేచిన దగ్గర నుంచి నోట్లో నానుతూనే ఉంటుంది. ఆ మాటను తీసుకుపోయి అట్ట ముక్క మీద రాసి, ఒక ఆడమనిషికి తల్లిగారిల్లు లేకుండా చేశారు మా ఇంట్లో. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. మండుతుండగానే చెప్తాను, వినండి.

నాది మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ మేమెవరం అట్లా అనం. అక్కడ మూడో తరగతి దాకా చదివాను. ఆడపిల్లకు అంత చాలన్నాడు మా నాయిన. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను గానీ చెవిన పడ్డది మాత్రం మరిచిపోను. పెళ్లి చేసి నన్ను జనగామలో ఒక బట్టల దుకాణం ఇంటికి ఇచ్చారు. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప, గడపకు ఒక తెర. ఆ గడప పక్కన పీట వేసుకుని మా అత్తమ్మ కూర్చునేది. గల్లా పెట్టె దగ్గర మొదట మామయ్య, ఆయన పోయాక మా ఆయన కూర్చున్నారు. కానీ దుకాణాన్ని నడిపింది ఆ పీట.

మెట్ల మీద చెప్పుల చప్పుడు కాగానే అత్తమ్మ మెడ చాపి చూసేది.

"రా తమ్మీ, బర్రె ఈనిందా?"

"ఏం కోడలా, మీ అత్త నడుం నొప్పి తక్కువైందా లేదా?"

"ఓ బావా, పోయినసారి తీస్కపోయిన ధోతి అంచు పోయిందంట గద. మా వోనికి చెప్పిన, మార్చిస్తడు. మొఖం గట్ల పెట్టకు, సూడలేక సస్తున్న."

వచ్చినవాళ్లు చెప్పులు విడవకముందే సగం బేరం అయిపోయేది. ఎవరి ఇంట్లో మనిషి పోయాడో, ఎవరి కోడలు అలిగి పోయిందో అన్నీ ఆమెకు తెలుసు. ఆ ఏడు చావు జరిగిన ఇంటివాళ్లు వస్తే, మా ఆయన చేయి ఎర్రచీర మడత మీదికి పోకముందే అత్తమ్మ ఒక దగ్గు దగ్గేది. చేయి పక్కకు జరిగేది. బయ్యారం వైపు నుంచి మా తల్లిగారి తాలూకు వాళ్లు రైలెక్కి పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు. అప్పుడు, "తెల్లంచు తియ్యకు బిడ్డా, వాళ్ల మన్ను ఎర్రది, రెండు ఉతుకులకే ఖరాబైతది" అనేది.

అన్నిటికంటే గట్టిది వరుస. మా దుకాణానికి వచ్చే ప్రతి ఇంటికీ మాతో ఒక వరుస ఉండేది. ఎప్పుడో మామయ్య వాళ్ల నాయిన కాలంలో ఒకాయనను బావా అని పిలిచి ఉంటాడు. అప్పటి నుంచి ఆయన భార్య మా ఇంటికి అక్కో చెల్లెలో అయింది, పిల్లలు అల్లుళ్లు, కోడళ్లు అయ్యారు. కులాలు వేరు, ఊళ్లు వేరు, అయినా వరుస తప్పేది కాదు. వరుసను బట్టే మాట, మాటను బట్టే పరాచికం. బావను ఎంతన్నా ఆడించొచ్చు. అక్క ముందు నోరు అదుపులో పెట్టుకోవాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అన్నం తినడం ఎట్లా నేర్పలేదో అట్లాగే.

ఇక తరిగొప్పుల వదిన సంగతి.

అది తెలంగాణ కావాలని పిల్లలు బడులు విడిచి రోడ్ల మీదికి వచ్చిన కాలం. అరవై తొమ్మిది. నేను కొత్త కోడలిని. పొద్దున తెరిచిన దుకాణం మధ్యాహ్నానికి మూసుకోవాల్సి వచ్చేది. ఒకరోజు బజారంతా బందు. మా ఆయన తలుపులు సగం వేసి లోపల కూర్చున్నాడు. ఆ సగం తలుపు పక్కన, ఎండలో, చంటిపిల్లను చంకనెత్తుకుని ఒకామె నిలబడి ఉంది. అత్తమ్మ పీట మీద నుంచే చూసింది.

"ఎవలే బిడ్డా, గట్ల ఎండల నిలవడ్డవ్?"

"తరిగొప్పుల, అవ్వా. పోరికి జరమొస్తె దవాఖానకు తెచ్చిన. ఇప్పుడు బస్సులు బందువెట్టిన్రట."

"నీ పెనిమిటేడి?"

"పొలం కాడున్నడు. నేనొక్కదాన్నే వచ్చిన."

"అయితె లోపటికి రా. పొయ్యి మీద జావ ఉన్నది, పోరికి తాపు."

అట్లా వచ్చిన మనిషి బస్సులు మళ్లీ తిరిగేదాకా మా ఇంట్లోనే ఉంది. పిల్ల జ్వరం తగ్గింది. ఆమె ఊరికే కూర్చోలేదు. నాతో పాటు పప్పు విసిరింది, నాకు జొన్నరొట్టె పలుచగా చేయడం నేర్పింది. నేను పుట్టింటి మీద బెంగతో దొంగచాటుగా ఏడుస్తుంటే, "ఏడువు, ఏడువు, ఏడ్వనీకి నీకొక తల్లిగారిల్లన్న ఉన్నది" అని నవ్వింది. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు.

పోయే పొద్దు అత్తమ్మ అడిగింది. "తల్లిగారింటికి పోయి ఎన్నొద్దులైందే?"

"నాకు తల్లిగారెక్కడిదవ్వా? అవ్వ, బాపు ఇద్దరు పోయిన్రు. తోడవుట్టినోళ్లు లేరు. పెండ్లైనంక ఒక్కపాలి గూడ ఒడిబియ్యం పోయించుకోలె."

మన వైపు ఆడబిడ్డకు ఒడిబియ్యం అంటే ఏమిటో మీకు చెప్పాలా? తల్లిగారు ఆమె కొంగు నింపి, నీకు మేమున్నాం అని నలుగురిలో చెప్పడం. అత్తమ్మ చాట తెమ్మంది. బియ్యంలో పసుపు కలిపింది, ఎండుకొబ్బరి కుడుకలు, పోకచెక్కలు, ఖర్జూరాలు పెట్టింది, దుకాణంలో నుంచి ఒక ఆకుపచ్చ చీర, రవికె గుడ్డ తీయించింది. తూర్పు ముఖంగా కూర్చోబెట్టి ఒడి నింపింది. మాది దుకాణం ఇల్లు, వాళ్లది వ్యవసాయం ఇల్లు, కులం ఒకటి కాదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"ఇగ గిదే నీ తల్లిగారిల్లు. బుద్దైనప్పుడు రా. ఎవలన్న అడిగితె జనగామల బట్టల దుకాణం మా తల్లిగారిదని చెప్పు."

ఆ రోజు నుంచి వరుస నిలబడింది. అత్తమ్మకు ఆమె బిడ్డ. మా ఆయన కంటే వయసులో పెద్దది కాబట్టి ఆయనకు అక్క. నాకు మొగుడి అక్క కాబట్టి వదిన. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. ఆమెను మా మగవాళ్లు అక్కా అంటారు. నేను వదినా అంటాను. మనిషి ఒక్కతే.

తరువాత ఏళ్లలో ఆమె ఎప్పుడు జనగామ వచ్చినా దుకాణంలో కూర్చునేది కాదు. తెర ఎత్తి నేరుగా వంటింట్లోకి వచ్చేది. "ఏం వండినవే? మా తమ్మునికి గీ నీళ్లచారే పోస్తున్నవా?" అని నన్ను దెప్పి, తనే పోపు పెట్టేది. కూతురు పెద్దదవుతుంటే తీసుకొచ్చి, "మీ అమ్మమ్మ" అని అత్తమ్మ ఒళ్లో కూర్చోబెట్టేది. ఆ పిల్లకు ఓణీ వేసిన నాడు బట్టలు మా ఇంటి నుంచే పోయాయి.

ఇట్లా ఉండగా రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. అత్తమ్మ కళ్లకు పొర కమ్మింది. మెట్లు ఎక్కేది మనిషో, నీడో తెలియడం లేదు. గొంతు వింటే పోల్చుకునేది గానీ పెళ్లిళ్ల రోజుల్లో, గుంపులో, ఎవరి గొంతు ఏదో ఎవరికి తెలుస్తుంది? అదే ఏడు స్టేషన్ దగ్గర ఒక కొత్త దుకాణం లేచింది. అద్దాల తలుపులు, పట్టపగలే ట్యూబులైట్లు. మా గిరాకి కొంత అటు మళ్లింది. మా ఆయన ముఖంలో దిగులు నాకు కనిపిస్తూనే ఉంది.

అప్పుడు దిగాడు మా మరిది. చిన్నప్పటి నుంచి వరంగల్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నవాడు, పండుగలకు వచ్చి పోవడమే తప్ప దుకాణం మొఖం చూసింది తక్కువ. బీకాం చదివాడు. తెలివైనవాడే, కాదనను. అన్నకు సాయం చేద్దామనే వచ్చాడు, అదీ కాదనను. కానీ అతనికి సలహా చెప్పింది ఎవరనుకున్నారు? ఒక మిల్లు తరఫున నమూనా గుడ్డలు పట్టుకుని ఊరూరా తిరిగే ఏజెంటు. కోస్తా వైపు మనిషి. మా ఇంట్లో చాయ తాగుతూ, నేను లోపలి నుంచి "వదినెకు గీ చీర నచ్చుతదా" అని ఎవరితోనో అంటుంటే విని, చాయ కిందపడేటట్టు నవ్వాడు.

"వదినె ఏంటండీ, వదినె! మీ మాట భలే తమాషాగా ఉంటుందండీ. ఈ అన్నలూ, బావలూ అంటే వ్యాపారం సాగదండీ. కస్టమర్‌ని గౌరవంగా మేడం అనాలి, సార్ అనాలి. ఒక్కో కస్టమర్‌కి ఒక్కో కార్డు రాసుకోండి. ఎవరు ఎంత కొంటారు, ఎప్పుడు కొంటారు, అన్నీ తెలిసిపోతాయి."

గౌరవం మాకు ఆయన నేర్పాలట! మా ఇంట్లో మా చాయ తాగుతూ! నేను గ్లాసు తీసుకోవడానికి కూడా బయటికి పోలేదు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది, ఈగలు ముసురుతూ.

మరిదికి మాత్రం ఆ మాట ఎక్కింది. బట్ట తాన్ల లోపల వచ్చే అట్టలను కత్తెరతో ఒకే కొలతకు కోశాడు. ఒక్కో అట్ట మీద పేరు, ఊరు, ఏ పండుగకు ఏం తీసుకుంటారు అని రాసి, బిస్కెట్ల రేకు డబ్బాలో ఊళ్ల వారీగా నిలబెట్టాడు. అంతవరకు బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. అత్తమ్మ కళ్లు పోతుంటే ఆమె తలలో ఉన్నదంతా ఎక్కడో ఒకచోట దాచుకోవాలి కదా. నేనే చెప్పాను, చావు అయిన ఇళ్లకు గుర్తు పెట్టమని, బయ్యారం వాళ్లకు తెల్లంచు వద్దని రాయమని. రాసుకున్నాడు.

కానీ మూల మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. బాగా కొనేవాళ్లకు పచ్చ చుక్క, వాళ్లకు కుర్చీ, సోడా. బేరమాడి తక్కువ కొనేవాళ్లకు ఎర్ర చుక్క, వాళ్లు నిలబడాలి. ఇక అందరినీ మేడం, సార్. గంప నెత్తిన పెట్టుకుని వచ్చిన ఒక ముసలవ్వను "రండి మేడం" అంటే, ఆ తల్లి తన వెనక ఎవరో దొరసాని వచ్చిందనుకుని దారి ఇచ్చి పక్కకు జరిగింది! తెర వెనక నేను చూశాను. నవ్వొచ్చిందా, ఏడుపొచ్చిందా అంటే, కోపం వచ్చింది. అన్నం పెట్టేటప్పుడు అడిగాను.

"ఎర్ర సుక్కంటె ఏంది? మనిషికి వాత వెడుతున్నవా?"

"అది లెక్క వదినా. ఎవల మీద ఎంతసేపు ఉండాల్నో తెలుస్తది."

"నాక్కూడ ఒక అట్ట రాస్తివా మరి? ఏం సుక్క వెట్టినవ్? నిలవడాల్నా, కూసోవాల్నా?"

"నువ్వు గిరాకి కాదు గద!"

"వాళ్లు గూడ గిరాకి కాదు. మీ అవ్వ వాళ్లను ఎన్నడన్న పేరు వెట్టి పిలిచిందా? వరుస లేకుంట మనిషినెట్ల పిలుస్తవ్?"

మా ఆయన తల ఎత్తకుండా ముద్ద మింగి, "సుక్కలు తీసెయ్. వరుస రాయి" అన్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చుక్కలు పోయాయి, మేడం పోయింది. ప్రతి అట్ట మీద కొత్తగా ఒక గీత గీసి, వరుస అని రాసి, ఎదురుగా ఖాళీ ఉంచాడు.

ఇక్కడే అసలు సంగతి జరిగింది. అత్తమ్మ అప్పుడు ఇంట్లో లేదు. ఆమె సొంత కూతురిని మహదేవపూర్ ఇచ్చాము. ఆ పిల్ల కాన్పుకు సాయంగా, కళ్లు కనిపించకపోయినా నేనుంటే చాలని మొండిపట్టు పట్టి పోయింది. మా ఆయన సరుకుకు పోయాడు. మరిది వసారాలో డబ్బా ముందు పెట్టుకుని, ఒక్కో అట్ట తీసి అరుస్తున్నాడు. నేను వంటింట్లో చింతపండు పిసుకుతూ జవాబు చెప్తున్నాను.

"పెంబర్తాయన?"

"మామ!"

"ఆయన పెండ్లం?"

"అత్త!"

"తరిగొప్పులామెను ఏమంటవ్?"

"వదినంట!"

రాసేశాడు. వదిన. చూడండి, అతను అడిగింది నన్ను. నేను చెప్పింది నా నోటి మాట. అక్కడ నా నోట వదిన అంటే మొగుడి అక్క. మగవాడి నోట వదిన అంటే అన్న పెళ్లాం. మాట ఒకటే, మనిషి మారిపోయింది. మూడో తరగతి మానేసిన దానికి తెలియకపోతే అనుకోవచ్చు, ఇంట్లో రోజూ నన్ను వదినా అని పిలిచేవాడికి, ఆ మాట ఎవరి నోటిది అని ఒక్కసారి అడగాలని తోచలేదు. అట్ట మీద గీత ఉంది, గీత నిండింది, చాలు!

పెళ్లిళ్ల రోజులొచ్చాయి. ఒక పొద్దు తరిగొప్పుల వదిన వచ్చింది. కూతురికి పెళ్లి కుదిరింది, పెళ్లిబట్టలు కొనాలి. వెంట వియ్యపురాలు, అంటే పిల్లవాడి తల్లి, ఇంకా ఆ వైపు ఆడవాళ్లు. దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చిందట, మా తల్లిగారి దుకాణం, మా తమ్ముళ్లది, నన్ను నెత్తిన పెట్టుకుంటారు అని. కాబోయే కోడలి తల్లికి తల్లిగారిల్లు లేదని వాళ్లు కొంచెం చిన్నచూపు చూస్తున్నారు, ఆ నోళ్లు మూయించాలని ఆమె ఆశ. నాకవన్నీ తరువాత తెలిశాయి.

అత్తమ్మ ఇంకా మహదేవపూర్‌లోనే ఉంది, మా ఆయన మళ్లీ సరుకుకు పోయాడు, గల్లా దగ్గర మరిది ఒక్కడే ఉన్నాడు. ఊరు అడిగాడు, చటుక్కున అట్ట తీశాడు, చదివాడు. వదిన! సంతోషపడ్డాడు. వదిన అంటే పరాచికమాడొచ్చు కదా, మేడం అనే కంటే ఇదే నయమని అన్నకు చూపించొచ్చు కదా.

"రా వదినా, రా! అన్నను ఇంట్ల కట్టేసి వచ్చినవా? మంచి పని జేసినవ్. సీరెలు రేపు కొందువు గని, ఇయ్యాల మనిద్దరం సీన్మకు వోదాం పా!"

నేను లోపల రోటి దగ్గర ఉన్నాను. ఆ మాట నాకు వినిపించింది. చేతిలో పచ్చడి బండ అట్లాగే ఆగిపోయింది. వెంటనే వియ్యపురాలి గొంతు.

"గిదేంది వదినా? తల్లిగారిల్లంటివి గద? తల్లిగారింట్ల తమ్ముడు అక్కను సీన్మకు రమ్మంటడా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను చేతులు కూడా కడుక్కోకుండా తెర తోసుకుని వచ్చాను. తరిగొప్పుల వదిన ముఖం చూశాను. ఎండలో చంటిపిల్లతో నిలబడ్డనాడు కూడా ఆ ముఖం అట్లా లేదు. గిరుక్కున తిరిగి మెట్లు దిగుతోంది. నేను అరిచాను, "వదినా! ఆగు వదినా!"

ఏం చెప్పమంటారు! ఇంకే మాట అనాలి నేను? నా నోట ఆమెకు ఉన్న పేరే అది. వియ్యపురాలు నా వైపు చేయి చూపించి పకపకా నవ్వింది. "సూడున్రి, ఈమె గూడ వదినే అంటున్నది! ఇంటికిల్లు అందరికి వదినేనట!"

వియ్యపురాళ్లు ఒకరినొకరు వదినా అంటారు. నేను మొగుడి అక్కను వదినా అంటాను. మరిది అట్ట చూసి వదినా అన్నాడు. ఆ గడప మీద ఒక్క మాట మూడు నోళ్లలో మూడు తీర్లుగా తిరిగి, ఆమె తల్లిగారింటిని తన్నుకుపోయింది. నేను విడమరిచి చెప్పబోతే వినేదెవరు? వాళ్లు నేరుగా స్టేషన్ దగ్గరి ట్యూబులైట్ల దుకాణానికి పోయారు. ఆమె నడిచినంత దూరం వెనక్కి తిరిగి చూడలేదు.

నేను మరిది వైపు తిరిగాను. అతని చేతిలో అట్ట ఇంకా ఉంది.

"గిండ్ల ఉన్నదే అన్న గద వదినా! నువ్వు చెప్పిందే!"

"నా నోట్లె మాట తీస్కపోయి నీ నోట్లె పెట్టుకుంటవా? రేపు నేను మీ అన్నను ఏవండి అంటున్ననని నువ్వు గూడ ఏవండి అంటవా?"

"తప్పు రాసిన, ఒప్పుకుంటున్న. ఒక్క గిరాకికి గింత లొల్లెందుకు?"

ఒక్క గిరాకి! ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పుడు కూడా చెప్పలేను. ఆ పూట అతనికి అన్నం పెట్టలేదు. విస్తరి ముందు కూర్చుంటే ఆ బిస్కెట్ల డబ్బా తెచ్చి ఎదురుగా పెట్టాను. "ఇండ్ల వెతుకు. వదినని ఏడ రాసి ఉన్నదో సూడు. ఆమెనే అన్నం పెట్టుమను." అతను ఆకలితో లేచిపోయాడు. పాపం అనిపించలేదు. ఈ రోజుకీ అనిపించదు.

మా ఆయన సరుకుతో వచ్చాడు, విన్నాడు, డబ్బా వైపు చూసి తల పట్టుకున్నాడు. తరువాత మహదేవపూర్ నుంచి అత్తమ్మ వచ్చింది. బస్సు దిగిన కాళ్లతోనే చెప్పాను. ఆమె పీట మీద కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుంది. ఈలోపు తరిగొప్పుల నుంచి చీరకు వచ్చిన ఒకామె కబురు కూడా మోసుకొచ్చింది. వియ్యపురాలు నలుగురిలో అంటోందట, పెళ్లినాడు ఈమెకు ఒడిబియ్యం పోసే తల్లిగారెవరో, పిల్లను గంపలో ఎత్తుకొచ్చే మేనమామ ఎవరో చూపించమని. లేకపోతే దిక్కులేని ఇంటి పిల్లను చేసుకున్నామని ఊరంతా అంటారట. తరిగొప్పుల వదిన వడ్లు చెరుగుతూ కూర్చుందట.

అత్తమ్మ చిన్న కొడుకును పిలిచింది. తిట్టలేదు. నాకు అదే కష్టమనిపించింది, నాలుగు తిట్లు తిడితే బాగుండునని చూశాను.

"నువ్వెంత బరువు మొయ్యగలవ్ రా?"

"ఎందుకవ్వా?"

"నీ మేనకోడలును గంపల మొయ్యాలె. పెండ్లి పిల్ల, బరువుంటది. పొద్దున లేసి ఇంత తిను, రేపు తరిగొప్పుల వోతున్నం."

పోయాం. బియ్యం, కుడుకలు, చీర, మేనమామ తేవాల్సిన బట్టలు, అన్నీ మూటలు కట్టుకుని, అత్తమ్మను చేయి పట్టుకుని బస్సు ఎక్కించి. ఆ ఇంటి ముందు పచ్చని పందిరి వేస్తున్నారు. వియ్యపురాలు కూడా ఆ పూట అక్కడే ఉంది, సామాను చూసిపోదామని వచ్చింది. తరిగొప్పుల వదిన గడపలో అడ్డంగా నిలబడింది. అత్తమ్మ కాళ్లకు మొక్కింది, నన్ను పలకరించలేదు, మరిదిని అయితే అసలు చూడలేదు.

"ఎవలు గావాలె?" అంది.

"నీ ఇంటికొచ్చినం బిడ్డా" అంది అత్తమ్మ.

"నా ఇంటికా? జనగామల నేను వదిననట. సీన్మలకు పోయే వదినను. ఈడికొస్తె అక్కనైతనా? బస్సెక్కితె వరుస మారుతదా అవ్వా?"

మరిది తల దించుకుని, "అక్కా" అన్నాడు.

"ఏమన్నవ్?"

"అక్కా."

"ఇనవడుతలేదు. దుకాణంల మస్తు నోరుండె గద నీకు, నలుగురినడుమ అరిసినవ్. ఇప్పుడేమైంది? గట్టిగ అను. లోపట మా వియ్యపురాలున్నది, ఆమెకు జర చెముడు."

"నాకేం చెముడు లేదు!" అని లోపలి నుంచి కేక.

పందిరి వేసేవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. మరిది ఊరంతా వినేటట్టు అరిచాడు. "అక్కా! తప్పైంది అక్కా! నేను నీ తమ్మున్ని. నీ బిడ్డకు మేనమామను. గంప ఎత్తుకోనీకి వచ్చిన!"

ఆమె గడపలో నుంచి పక్కకు జరిగింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నా వైపు తిరిగి, "నువ్వేందే, గట్ల నిలవడ్డవ్? పొయ్యి కాడికి రా, వీళ్లకు చారు కాయరాదు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పెళ్లినాడు అందరి ముందు, వియ్యపురాలిని ముందు వరుసలో కూర్చోబెట్టి, అత్తమ్మ తడుముకుంటూ ఆ ఒడి నింపింది. కళ్లు కనబడక కొన్ని గింజలు కింద పడ్డాయి, నేను ఏరి కొంగులో వేశాను. మరిది పిల్లను గంపలో ఎత్తుకుని మండపానికి తెచ్చాడు. మెడ నరాలు ఉబ్బాయి. మధ్యలో ఒకసారి తూలాడు కూడా. "ఏం తమ్మీ, అట్టలు మోసినంత అలకగ లేదా?" అంది వాళ్లక్క. పందిరంతా నవ్వింది. వియ్యపురాలు కూడా నవ్వింది, ఈసారి ఆ నవ్వు వేరు.

జనగామ వచ్చాక మరిది డబ్బా ముందు పెట్టుకుని మళ్లీ కూర్చున్నాడు. ఈసారి ఎవరినేమంటావని అడగలేదు. ఈ ఇంటికి ఏమవుతారని అడిగాడు, అత్తమ్మ పీట పక్కన కూర్చుని. ప్రతి అట్ట మీద మొదట అది రాశాడు. ఇంటి ఆడబిడ్డ. ఇంటి అల్లుడు. పెద్ద దిక్కు. దాని కింద ఆడవాళ్లు పిలిస్తే ఇట్లా, మగవాళ్లు పిలిస్తే ఇట్లా అని రెండు గీతలు. ఆ పని మాత్రం శ్రద్ధగా చేశాడు, నేను వంక పెట్టను. అత్తమ్మ పోయిన తరువాత కూడా ఆ దుకాణంలో ఎవరినీ తప్పు వరుసతో పిలవలేదంటే ఆ అట్టల పుణ్యమే. తరిగొప్పుల వదిన అట్టను మాత్రం డబ్బాలో పెట్టలేదు. పెట్టనివ్వలేదు నేను. ఆమె తెర ఎత్తి లోపలికి వచ్చే మనిషి, ఆమెను వెతుక్కోవడమేమిటి?

అయినా నా కోపం పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఏ దుకాణానికి పోయినా ముఖం చూడకముందే ఫోన్ నంబరు చెప్పమంటారు, చెప్పగానే నా గురించి అన్నీ తెలిసినట్టు పేరుపెట్టి నవ్వుతారు. నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. అవన్నీ సరే బిడ్డా, నేను నీకేమవుతానో రాసుకున్నావా?

సరే, పొద్దు పోయింది, లేవండి. మీ ఇంటి ఆడబిడ్డ ఎంత దూరాన ఉన్నా, ఎన్నేళ్లకు వచ్చినా, మీ గడప ఆమెను సరైన మాటతో పిలవాలి. ఆమె కొంగు మీ చేతుల మీదుగా నిండుతూ ఉండాలి. మీ పొయ్యి మీద చారులో ఆమె వచ్చి పోపు పెట్టే రోజులు మీకు ఎన్నో రావాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.